దాఖలా

మా ఇంట్లో దాఖలా అంటే ఆనవాలు.
సిరోంచ తహసీలు మెట్లెక్కితే
దాఖలా అంటే ముద్ర కొట్టిన కాగితం.
ఈ రెండు అర్థాల నడుమ
పంపుసెట్ల దుకాణం మీది గదిలో కూర్చుని
నేనొక ప్రోగ్రాం రాస్తున్నాను.

దాని పని చిన్నది.
ఒక సర్టిఫికెట్ ఎదురొస్తుంది.
నీకు సంతకం పెట్టిందెవరు, అని అడగాలి.
వాడికి పెట్టిందెవరు? ఆ పైవాడికి?
అలా ఎక్కీ ఎక్కీ
తన సంతకం తానే పెట్టుకున్న వేరు దగ్గర ఆగాలి.
పైకెక్కితే వేరు తగిలే చెట్టు
నాకు తెలిసి ఇదొక్కటే.

దారి దొరక్కపోతే మాత్రం ఒక్క ముక్కే అనేది:
"నమ్మదగిన దారి లేదు."
ఎన్ని గడపలు తొక్కిందో
ఏ గడపలో ఎవరేమన్నారో
నోరు విప్పేది కాదు.

ఆసరెల్లి రేషన్ దుకాణంలో మిషను
పొద్దున ఎర్రగా వెలిగేది.
పొద్దుగూకి పచ్చబడేసరికి షట్టరు దిగిపోయేది.
వరుసలో ముందున్న ఆత్రం రాజుబాయి
తన వేలే అరిగిపోయిందనుకుని
కొంగుకు తుడుచుకుని, ఉమ్మి తడిచేసి, మళ్లీ తుడుచుకుని
పెట్టేదట.

కింద చాయ్‌కి వచ్చే సడవలి
టేకు డిపోలో నాకేదారు చేసి దిగినాయన.
నా ఎర్ర మిషను గోస విని
తన మొద్దు సంగతి ఎత్తుకున్నాడు.

"ఒకేడు వరదకు కొట్టుకొచ్చింది, బిడ్డా.
సుత్తి ముద్ర ఉంది, సగం చెరిగి.
ఎవరి సుత్తి?
జిమలగట్టకు పోయిన. మాది కాదన్నరు.
అహేరికి పోయిన. ముద్ర మాదే, ఏడు మాది కాదన్నరు,
బామ్రాగఢ్ పొమ్మన్నరు.
బామ్రాగఢోళ్లు మళ్ల అహేరికి పొమ్మన్నరు."

దొరికిందా మరి?

"యాడ దొరికె! గని రిజిస్టర్ల రాసిన.
పోయిన తారీఖు, కలిసిన మనిషి, అన్న మాట.
నా ఎనక వచ్చినోడన్న
ఆ ఎండల తిరుగొద్దని."

మొద్దేమైంది?

"ఏమైతది. దాని మీదనే కూసోని
ముప్పై ఏండ్లు బీడీలు తాగినం."

ఆ రాత్రి కరెంటు పోయి వచ్చే సందుల్లో
ప్రోగ్రాంకు చిట్టా రాయడం నేర్పాను.
వెనక్కి తిరిగేటప్పుడు అడుగులు చెరపకు,
ఎందుకు తిరిగావో రాసి తిరుగు,
అప్పుడు నీ గడియారంలో ఎంతైందో అదీ రాయి.

పుణె నుంచి నా పని చూసే కేతకి అడిగింది:
ఓడిన దారులు ఎవరు చదువుతారు?
ఎంత చోటు తింటాయో లెక్కేశావా?
చోటు తింటాయి. కాదనలేదు.
నూరు దారులు దాటితే ఆగమని
ఒక అడ్డుకర్ర పెట్టాను.

మర్నాడు ఆసరెల్లి నుంచి చిట్టా వచ్చింది.

మొదటి దారి: పేరు కలిసింది, తాళంచెవి కలవలేదు.
రెండో దారి: ఇతనికి అతను పూచీ, అతనికి ఇతను పూచీ.
అదే మొహం మళ్లీ ఎదురై, తిరిగొచ్చాను.
మూడో దారి: వేరు కనబడింది.
నడిమి సంతకం ఇంకా పుట్టలేదు.

ఇంకా పుట్టకపోవడమేంటి?
పక్క గడిలో తారీఖు చూశాను.
రెండు వేల పది, జనవరి ఒకటి.

మిషను కడుపులో గుండీ బ్యాటరీ చచ్చింది.
రోజూ పొద్దున అది
ఆ పాత జనవరిలోనే కళ్లు తెరుస్తోంది.
సాయంత్రం టవరు అందాక గానీ
మన కాలంలోకి రావడం లేదు.
ముప్పై రూపాయల బిళ్ల.

ఆదివారం మోటారుసైకిల్ మీద ఆసరెల్లి పోయి
నేనే మార్చాను.
రాజుబాయి చెయ్యి పట్టుకుని చెప్పాను,
నీ వేలు తప్పేం లేదు,
నా దగ్గర దాఖలా ఉంది అని.
మా ఇంటి అర్థంలోనే అన్నాను.
ఆమె కాగితం కోసం నా సంచీలోకి చూసింది.

తర్వాత అడిగింది:
"మరి మూన్నెల్ల బియ్యమో?"

దానికి
చిట్టాలో గడి లేదు.